త్యాగరాజ ఆరాధనోత్సవము: దాని పూర్వచరిత్ర

పుష్య బహుళ పంచమి వచ్చినదనిన మన తెలుగుసీమ గ్రామములలో అనేకచోట్ల దేవాలయ మంటపమునందో, బడి చావడియందో, గ్రంథాలయ భవనమునందో త్యాగరాజస్వామివారి పటమునకు పూలదండ వైచి, ఊరిలో పాడ నేర్చినవారందరును చేరి కీర్తనలు పాడుట పరిపాటియై యున్నది. పొరుగూరినుండి ఫిడేలు విద్వాంసుని, మృదంగ విద్వాంసుని పిలిపింతురు. ఎవరును దొరకనినాడు హార్మోనియము పెట్టెతోనే సరిపుచ్చుకొందురు. చివర మంగళము పాడి, పులిహోర పంచిపెట్టి ఇండ్లకు పోదురు. ఇది తాతముత్తాతలనాటి యాచారమని తలంచువారు పెక్కుమంది. నిజమునకు ఉత్సవముగా ఇది ఇరువదవ శతాబ్దమున పుట్టినదే. అందరును కలసి ఒక్క గొంతుతో పంచరత్న కీర్తనలను పాడుట అంతకంటెను క్రొత్తది. ఆ పాడువారి నడుమ స్త్రీలకు చోటు దొరకుటకై ఒక స్త్రీ ఏండ్ల తరబడి పెనుగులాడవలసివచ్చెనను సంగతి ఎరిగినవారు మరియు తక్కువ.

ఈ ఉత్సవమునకు పుట్టినిల్లు తిరువయ్యారు. తంజావూరునకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున కావేరీతీరమున నున్న ఊరది. సంస్కృతమున దీనిని పంచనదమందురు. అచ్చటి శివునకు పంచనదీశ్వరుడని పేరు. అరవనాటి నడిబొడ్డునకు తెలుగుపాట ఎట్లు చేరెనన్న ప్రశ్నకు సమాధానము తంజావూరు రాజుల చరిత్రయందున్నది. 1532 మొదలు 1673 వరకు ఆ రాజ్యమును తెలుగు నాయకరాజులు పాలించిరి. 1674 మొదలు 1855 వరకు మహారాష్ట్ర ప్రభువులైన భోసలవంశీయులు ఏలిరి. వీరి ఇంటిభాష మరాఠీయే యైనను, కొలువునందు కవిత్వమునకును, సంగీతమునకును, నాట్యమునకును తెలుగు తన పూర్వగౌరవమును కోలుపోలేదు. నాయకరాజుల వెంటను, వారి తరువాతను తెలుగు కుటుంబములు అనేకము కావేరీతీరమునకు పోయి స్థిరపడినవి. కాకర్లవారి కుటుంబము అట్టిదే. ఆ యింట 1767 లో తిరువారూరునందు త్యాగరాజు జన్మించెను. తండ్రి రామబ్రహ్మము, సంగీతగురువు శొంఠి వేంకటరమణయ్య. తిరువయ్యారు తిరుమంజన వీధిలోని ఇంట కాపురముండి, ఉంఛవృత్తితో జీవనము గడపుచు, రాజాశ్రయమును కోరక, ఆ మహనీయుడు వందలకొలది కీర్తనలను రచించెను.

1847 వ సంవత్సరము జనవరి 6 వ తేదీన, పరాభవనామ సంవత్సర పుష్య బహుళ పంచమినాడు, స్వామి పరమపదించెను. అంతకు స్వల్పకాలము ముందే సన్న్యాసము స్వీకరించి యుండుటచే ఆయన దేహమును దహనము సేయక, కావేరియొడ్డున సమాధి చేసి, దానిపై చిన్న బృందావనమును కట్టిరి. నాటి కట్టడము అంతమాత్రమే. పందిరి లేదు, మంటపము లేదు, ఉత్సవము లేదు.

శిష్యులు గురువుగారి తిథిని మరచిరని దీని యర్థము కాదు. వాలాజాపేట, ఉమయాల్పురము, తిల్లైస్థానము అను మూడు ఊళ్ళ పేర్లతో స్వామి శిష్యపరంపరలు ప్రసిద్ధికెక్కినవి. ఎవరి యింటియందు వారు పంచమినాడు పూజచేసి, తమకు వచ్చిన కీర్తనలను పాడుకొనెడివారు. అది శ్రాద్ధమువంటి గృహకృత్యమే గాని సభ కాదు. ఈ శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రుడు. ఆయనయు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులును వ్రాసియుంచిన ప్రతులే త్యాగరాజు కృతులను గూర్చియు, జీవితమును గూర్చియు మనకు దొరకు ముఖ్యాధారములలోనివి. తక్కిన శిష్యులలో అనేకులు తమిళులు. తెలుగుపాటను కాపాడినవారిలో తెలుగు మాతృభాషగా లేనివారే అధికసంఖ్యాకులని తెలుగువారు కృతజ్ఞతతో తలంపవలసియున్నది.

1855 లో తంజావూరు రాజ్యము ఆంగ్లేయుల వశమయ్యెను. కొలువు చెదరుటతో విద్వాంసులు ఆశ్రయము వెదకికొనుచు మైసూరునకును, తిరువాన్కూరునకును, జమీందారుల సంస్థానములకును, చెన్నపట్టణమునకును పోయిరి. తిరువయ్యారులో నిలిచి బృందావనమును కనిపెట్టియుండువారు కరవైరి. కావేరీగట్టున పొదలు పెరిగి, కట్టడము శిథిలమయ్యెను. 1903 లో ఉమయాల్పురము కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు అను వృద్ధశిష్యులు అచ్చటికి వచ్చి, గురుసమాధి యున్న దుస్థితిని గాంచి, దానిని బాగుచేయించిరి. స్వామిని కన్నులార చూచిన తరము ముగియుచున్న కాలమది. ఆ ముదుసలులు మరికొన్నియేండ్లు ఆలసించియున్నచో సమాధిస్థలమును నిశ్చయముగా చూపగలవారు ఉండెడివారో లేదో.

ఆ పిమ్మట ఏటేట అచ్చట ఆరాధన జరుప నారంభించిరి. తిల్లైస్థానము సోదరులగు నరసింహ భాగవతులు, పంజు భాగవతులు ఇందుకు పూనుకొనిరి. ఊళ్ళనుండి విద్వాంసులు వచ్చిరి, అన్నదానము జరిగెను. జనము కూడినచోట వివాదమును కూడుట లోకసహజము గదా. కొలది సంవత్సరములకే నిర్వాహకులలో భేదములు పొడమి, ఉత్సవము రెండు పక్షములుగా చీలెను. వానిని తమిళమున ‘పెరియ కక్షి’, ‘చిన్న కక్షి’ యనిరి. అనగా పెద్ద పక్షము, చిన్న పక్షము. ఒక పక్షము పంచమికి ముందు నుండి మొదలిడి పంచమితో ముగించెడిది; రెండవది పంచమినాడు మొదలిడి తరువాతి దినములలో నడపెడిది. రామనామమే ధనమని నమ్మి, నిధిని తృణీకరించిన భక్తుని సమాధియొద్ద చందాలకును, పెత్తనమునకును పోటీపడిన ముచ్చట వినుటకు ఇంపుగా లేకున్నను, చరిత్ర వ్రాయునపుడు దానిని దాచుట తగదు. పైగా ఆ పోటీవలన ఉత్సవదినములు పెరిగినవి. విద్వాంసులు మరింతమంది వచ్చిరి. మన ఊళ్ళలోని భజనసమాజముల చరిత్రయందును ఇట్టి చీలికలు, ఇట్టి లాభములు కానవచ్చును.

పక్షములు రెండైనను వానికి ఒక విషయమున మాత్రము ఏకాభిప్రాయమే. స్త్రీలు సమాధియొద్ద పాడరాదు. నాగస్వర విద్వాంసులకును తక్కిన గాయకులతో సమానముగా ఆసనము లేదు.

ఇట్టి సమయమున శ్రీమతి బెంగుళూరు నాగరత్నమ్మ ఈ కథలో ప్రవేశించుచున్నది. ఆమె 1878 లో మైసూరు రాజ్యమునందలి నంజనగూడున దేవదాసీకుటుంబమున జన్మించెను. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలను శ్రద్ధగా అభ్యసించి, బిడారము కృష్ణప్పగారియొద్ద సంగీతమున ఆరితేరి, బెంగుళూరునందును, తరువాత చెన్నపట్టణమునందును గాయనిగా గొప్పపేరు సంపాదించెను. ధనమును సంపాదించెను. అంతటితో తృప్తినొందు స్వభావము కాదామెది. పుస్తకములు సేకరించుట, చదువుట, చదివినదానిని గూర్చి వాదించుట ఆమెకు ఇష్టమైన పనులు.

గ్రంథాలయ సంచికలో ఆమె ప్రకటించిన గ్రంథమును గూర్చి చెప్పక విడుచుట భావ్యము కాదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరును పాలించిన ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని యను కవయిత్రి యుండెను. ఆమెయు వేశ్యాకులమున పుట్టినదే. ఆమె రచించిన ‘రాధికాసాంత్వనము’ అను శృంగారప్రబంధమును పంతొమ్మిదవ శతాబ్దిలో అచ్చువేసినవారు కొన్ని పద్యములను, కవయిత్రి తన వంశమును చెప్పుకొన్న భాగమును తొలగించిరి. నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, సరిచూచి, 1910 లో వావిళ్ళవారిచే పూర్తిగా ముద్రింపజేసెను. కందుకూరి వీరేశలింగము పంతులవంటి పెద్దలు ఆ కావ్యమును అశ్లీలమని నిందించియుండగా, పురుషులగు కవులు వ్రాసిన శృంగారమును ఆదరించి, స్త్రీ వ్రాసినదానిని మాత్రము దూషించుట ఏమి న్యాయమని ఆమె పీఠికయందు నిర్భయముగా ప్రశ్నించెను. ఫలితము? 1911 లో ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. పండితులు కొందరు విన్నపములు చేసికొన్నను ఆలకింపలేదు.

పుస్తకమున స్త్రీకి చోటు లేదనినపుడు ఊరకుండని మనిషి, పందిటిలో చోటు లేదనినపుడు ఊరకుండునా? అయితే ఆమె తిరువయ్యారునకు పోయినది వివాదమునకు కాదు. త్యాగరాజసమాధి మరల పాడుపడియున్నదని గురువగు కృష్ణప్పగారు ఆమెకు తెలియజేసిరి. ఆమె వెంటనే పోయి చూచెను. పక్షములు రెండును ఏటికొకమారు పందిరి వైచి, పండుగ జరిపి పోవుచున్నవి గాని, తక్కిన దినములలో స్థలమును చూచువారు లేరు. నాగరత్నమ్మ సమాధిచుట్టునున్న భూమిని సంపాదించి, 1921 లో ఆలయనిర్మాణము ఆరంభించెను. సొంత ఆస్తిని, పాటవలన కూడబెట్టినదానిని ఇందుకు వెచ్చించెను. త్యాగరాజస్వామి విగ్రహమును చేయించి ప్రతిష్ఠింపజేసి, నిత్యపూజకు ఏర్పాటు చేసెను. కొన్నియేండ్లలో గుడి పూర్తియయ్యెను.

గుడి కట్టించిన పిమ్మట, స్వామి సన్నిధిని తానును పాడుదునని ఆమె యడిగెను. నిర్వాహకులు ఒప్పుకొనలేదు. స్త్రీ పాడరాదనుటయే గాక, దేవదాసీకులస్త్రీ అసలే పాడరాదని వారి భావము. ఆమె కట్టించిన గుడిలో, ఆమె పెట్టించిన దీపపు వెలుగున కూర్చుండి వారు పాడవచ్చును, ఆమె పాడరాదు! నాటి నిర్వాహకులు దుష్టులని దీనివలన అనుకొనరాదు. వారిలో భక్తులును, త్యాగశీలురును ఉండిరి. స్త్రీలు సభలలో పాడుట ఎట్లున్నను, పూజాస్థలమున పాడుట కూడదను తలంపు నాడు దేశమున బహుళముగా నుండెను. దేవదాసీవృత్తిపై సంస్కర్తలు ఆందోళన సాగించుచున్న కాలముకూడ నదియే. ఆ ఆందోళన ఫలితముగా 1947 లో మద్రాసు శాసనసభ దేవదాసీ సమర్పణమును నిషేధించు చట్టమును చేసెను. ఒకవైపు సనాతనులు, మరియొకవైపు సంస్కర్తలు, ఇరువురును ఆ కులమును చిన్నచూపు చూచినవారే. ఆ కులస్త్రీలు శతాబ్దములుగా కాపాడిన విద్యను మాత్రము అందరును కోరిరి.

నాగరత్నమ్మ అలిగి వెళ్ళిపోలేదు. 1927 లో ఆమె స్త్రీలను కూడగట్టి, గుడి వెనుకవైపున వేరుగా ఆరాధన జరిపించెను. చెన్నపట్టణమునుండియు, ఇతర ప్రదేశములనుండియు గాయనులు అచ్చటికి వచ్చి పాడిరి. దీనిని జనులు ‘పెణ్‌గళ్ కక్షి’ అనిరి. స్త్రీల పక్షమని యర్థము. ఈ రీతిగా ఒక్క త్యాగయ్యకు మూడు ఉత్సవములాయెను. ఎదుట రెండు, వెనుక ఒకటి. ఎదుటివారికి ఆమె స్థానబలమును లెక్కించుట అంతకంతకు తప్పనిసరి యయ్యెను. ఏలయన నేల ఆమెది, గుడి ఆమె కట్టించినది, పూజారిని నియమించినది ఆమె.

1940 ప్రాంతమునకు పరిస్థితి మారెను. సంగీతసభలలో స్త్రీల కచ్చేరీలు సాధారణమైనవి. గ్రామఫోను, రేడియో వారి కంఠములను ఇంటింటికి చేర్చినవి. మూడు పక్షములు మూడు చందాలడుగుట వినువారికిని విసుగు పుట్టించెను. ఐ.సి.యస్. ఉద్యోగియు, సంగీతప్రియుడును అగు ఎస్. వై. కృష్ణస్వామి, ప్రసిద్ధగాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు మొదలగువారు మధ్యవర్తులై పక్షములను కలిపిరి. 1940, 1941 సంవత్సరములలో త్యాగబ్రహ్మ మహోత్సవ సభ పేర ఒక్క సంస్థ ఏర్పడి, ఒక్క ఉత్సవమునే జరుప మొదలిడెను. స్త్రీలకు పందిటిలో పాడు నధికారము లభించెను.

అందరును కలసి పంచరత్నములు పాడు పద్ధతియు ఈ ఐక్యకాలమున స్థిరపడినదే. అంతకుముందు ఒక్కొక్క విద్వాంసుడు సన్నిధిని తన వంతు ఒకటిరెండు కీర్తనలు పాడి పోయెడివాడు. వంతులకై తొందరయు, ముందు వెనుకల పట్టింపులును ఉండెడివి. అందరిచేతను ఒక్కసారిగా పాడింపవలయునన్న ఏ కృతులను ఎన్నుకొనవలయును? నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని అయిదు పెద్ద కీర్తనలు ఇందుకు అన్నివిధముల తగియున్నవి. ఇవి యన్నియు ఆదితాళమునందున్నవి. వీనిలో చరణములు స్వరసాహిత్యములుగా కూర్చబడినవి; మొదట స్వరము, పిదప దానికి సరియగు మాట. మామూలు కృతియందువలె గాయకుడు తన మనోధర్మమునుబట్టి సంగతులను పెంచుకొనుటకు వీనిలో అవకాశము తక్కువ. అందుచే నూరుమంది పాడినను పాట చెదరదు. గొప్పవిద్వాంసుని పక్క నిన్న నేర్చిన బాలిక కూర్చుండి గొంతు కలుపవచ్చును. పల్లెలలో పాడువారికి ఈ కీర్తనలే మొదట పట్టుబడుటకు కారణమిదియే. అయితే వరాళికీర్తనను గురువు శిష్యునకు నేర్పినచో గురుశిష్యులకు చెడునను ఒక నమ్మకము పూర్వము ఉండెడిది. అందుచే దానిని పక్కన కూర్చుండి విని నేర్చుకొనెడివారు! సమూహగానము వచ్చిన పిదప ఆ వినికిడికి లోటు లేకపోయెను.

ఐక్యము వచ్చినదని కలతలు తీరలేదు. తమిళదేశమున 1940 దశకమున తమిళ ఇసై ఉద్యమము బలపడెను. తమిళుల సభలలో తమిళపాటలు వినిపింపవలదా యని ఆ ఉద్యమకారులు అడిగిరి. 1946 ఆరాధనయందు దండపాణి దేశికరు సన్నిధిని ఒక తమిళకృతిని పాడగా, త్యాగరాజు సన్నిధిని త్యాగరాజకృతులనే పాడవలయునని కొందరు ఆక్షేపించిరి. దానిపై పత్రికలలోను, సభలలోను గొప్ప రభస చెలరేగెను. తెలుగువారు ఈ సంగతిని తమకు గర్వకారణముగా చెప్పుకొనవలసిన పనిలేదు. ఒకరి గుడిలో ఆ కవి పాటయే పాడుదమనుట సంప్రదాయమే యైనను, ఆ నాటి తమిళుని మనసు నొచ్చుటకు కారణము లేకపోలేదు. తన గడ్డమీద, తన ఊరిలో, తన భాష అంటరానిదాయెనా యని అతడు తలంచెను. కుర్చీ వేసినవారికే చోటు లేకపోవుట తిరువయ్యారులో అది రెండవసారి.

ఆంధ్రదేశమునకు ఈ ఉత్సవము వచ్చినదారి వేరొకటి గలదు. స్వామికి బంధువును, శిష్యుడును అగు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారియొద్ద సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు విద్యనభ్యసించి, కృష్ణాతీరమునకు మరలివచ్చి శిష్యులను తయారుచేసిరి. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు (1883-1951). బెజవాడయందు పంతులుగారి ఇల్లు గురుకులమువలె నుండెడిది. శిష్యుల భోజనమును, పాఠమును ఒకటే కప్పుక్రింద జరిగెడివి. ఆ పరంపరవారు జరిపిన త్యాగరాజ ఆరాధనలలో చిన్నపిల్లలకును పాడు నవకాశము దొరకెడిది. తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తమునకు చెందిన మంగళంపల్లి మురళీకృష్ణ యను బాలుడు ఎనిమిదేండ్ల ప్రాయమున బెజవాడ ఆరాధనలో కచ్చేరి చేసెను. అది విని హరికథకులగు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతులు ఆ పిల్లవాని పేరునకు ముందు ‘బాల’ యని చేర్చిరి. ఆ బాలమురళీకృష్ణ (1930-2016) స్థానము సంగీతలోకమున ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఊరి ఉత్సవమున పసివానికి ఇచ్చిన గంట సమయము ఎంతటి ఫలితమిచ్చునో ముందుగా ఎవరెరుగుదురు? పట్టణములనుండి పెద్దగ్రామములకు, పెద్దగ్రామములనుండి చిన్నపల్లెలకు ఆరాధన ఈ శిష్యుల వెంటనే నడచినది. తరువాతి కాలమున అది సముద్రములు దాటెను. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున 1978 నుండి త్యాగరాజ ఆరాధన జరుగుచున్నది.

నాగరత్నమ్మ కడపటి సంవత్సరములను తిరువయ్యారునందే గడపెను. వ్రాసికొన్న పుస్తకములు, కొన్ని నగలు, కొంత ఆస్తి ఆమెకు మిగిలియుండెను. 1949 లో ఆమె వీలునామా వ్రాసి తన ఆస్తిని త్యాగరాజస్వామి పూజలకును, ఉత్సవములకును ధర్మముగా వదలెను. అందులో ఒక షరతు పెట్టెను: స్త్రీలు, దేవదాసీకులమువారును గూడ, అచ్చట పాడుటకు ఎన్నటికిని అభ్యంతరము ఉండరాదు. పక్షములు కలసి ఎనిమిదేండ్లు గడచినను ఆమె ఆ మాటను కాగితముమీద పెట్టక విడువలేదు. నోటిమాటగా ఇచ్చిన చోటు మరల నోటిమాటతోనే పోవునని ఆమె ఎరుగును.

1952 మే 19 వ తేదీన ఆమె మరణించెను. త్యాగరాజస్వామి సమాధికి ఎదురుగానే ఆమెకును సమాధి కట్టి, చేతులు జోడించి స్వామివైపు చూచుచు కూర్చున్న ఆమె విగ్రహమును అందు ప్రతిష్ఠించిరి. రాధికాసాంత్వనముపై నున్న నిషేధము టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వకాలమున తొలగియుండెను. ఆమె మరణించిన ఆ 1952 వ సంవత్సరమందే వావిళ్ళవారు ఆ గ్రంథమును మరల అచ్చువేసిరి.